ఓటు లేకపోయినా మాట చెప్పొచ్చు: డాలస్ పాతికేళ్ల రవాణా ప్రణాళికలో ఎలా పాల్గొనాలి

అమ్మ ఖమ్మం నుంచి డాలస్ పక్కనున్న ఫ్రిస్కో వచ్చిన మూడో రోజు పొద్దున్నే తల దువ్వుకుని, చీర మార్చుకుని, చేతిసంచీ పట్టుకుని హాల్లో కూర్చుంది. "గుడికి పోయొస్తా, బస్సు ఎక్కడ ఆగుద్దో చెప్పు చాలు" అంది. ఊళ్లో ఆమెకు అదే అలవాటు. 2023 డిసెంబర్‌లో తెలంగాణ ఆర్‌టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీ తీసేసినప్పటి నుంచి వైరాలో ఉన్న చెల్లెలి ఇంటికి కూడా ఎవరినీ అడక్కుండా పోయొస్తోంది. ఇక్కడ రూటు ప్రకారం తిరిగే సిటీ బస్సే లేదని చెబితే కాసేపు నమ్మలేదు. తర్వాత, "మరి కారు లేనోళ్లు ఎట్టా?" అని అడిగింది.

నా దగ్గర జవాబు లేదు. వెతకడం మొదలుపెట్టాక ఒక విషయం తెలిసింది. ఈ ప్రాంతంలో ఏ రోడ్డు వెడల్పవుతుందో, ఏ ఊరికి రైలు వస్తుందో, ఏ ఊరికి రాదో పాతికేళ్ల ముందే ఒక ప్రణాళికలో రాసిపెడతారు. రాసేముందు జనాన్ని అడగాలని ఫెడరల్ నిబంధన ఉంది. ఆ అడిగే సమయంలో మనవాళ్లు కనబడరు.

హెచ్‌1బీ మీద పదిహేనేళ్లుగా ఉన్నా, గ్రీన్‌కార్డు లైన్లో ఉన్నా మనకు ఇక్కడ ఓటు లేదు. కానీ ఈ ప్రణాళిక మీద అభిప్రాయం చెప్పడానికి ఓటూ పౌరసత్వమూ అక్కర్లేదు. విజిటర్ వీసా మీద వచ్చిన మీ అత్తగారు కూడా చెప్పొచ్చు. కారులో గ్యాస్ కొట్టించిన ప్రతిసారీ గ్యాలన్‌కు 18.4 సెంట్లు ఫెడరల్ పన్ను, 20 సెంట్లు టెక్సస్ పన్ను మనమూ కడుతున్నాం. రోడ్ల డబ్బులో మన డబ్బూ ఉంది.

డాలస్, ఫోర్ట్‌వర్త్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మీరు బే ఏరియాలో ఉంటే ఈ పని చేసేది తొమ్మిది కౌంటీల ఎంటీసీ. ఎడిసన్‌లో ఉంటే ఉత్తర న్యూజెర్సీకి చెందిన ఎన్‌జేటీపీఏ. షికాగోలో సీమ్యాప్. పేర్లు మారతాయి గానీ ఫెడరల్ నిబంధనలు ఒకటే కాబట్టి పద్ధతి దాదాపు ఇదే.

మొదట, ఎవరు నిర్ణయిస్తారో తెలుసుకోండి

మనకు ఆర్‌టీసీ అంటే బస్సు. డాలస్‌లో ఆర్‌టీసీ అంటే రీజినల్ ట్రాన్స్‌పోర్టేషన్ కౌన్సిల్. ఇందులో నలభైకి పైగా సభ్యులుంటారు: నగరాల మేయర్లు, కౌన్సిల్ సభ్యులు, కౌంటీల ప్రతినిధులు, డాలస్‌లో బస్సులు, రైళ్లు నడిపే డార్ట్ లాంటి రవాణా సంస్థలవాళ్లు, టెక్సస్ రవాణా శాఖవాళ్లు. 50 వేల జనాభా దాటిన ప్రతి పట్టణ ప్రాంతానికీ ఇలాంటి ప్రాంతీయ సంస్థ ఒకటి ఉండాలి. వీటిని ఎంపీఓలు అంటారు. 1962 నాటి ఫెడరల్ హైవే చట్టం వేసిన పునాది ఇది. ఇప్పుడు దేశమంతా 400 పైచిలుకు ఉన్నాయి. మన ప్రాంతంలో ఆఫీసు పని, లెక్కలు, మ్యాపులు చూసేది ఎన్‌సీటీకాగ్ అనే సంస్థ. కాలిన్, డెంటన్, డాలస్, టారెంట్‌తో కలిపి 12 కౌంటీలకు ప్రణాళిక వేస్తుంది. ఆమోదముద్ర వేసేది ఆర్‌టీసీ.

మీరు చేయాల్సిన మొదటి పని చిన్నదే. మీ ఊరి తరఫున ఆర్‌టీసీలో ఎవరు కూర్చుంటున్నారో చూడండి. సభ్యుల జాబితా ఎన్‌సీటీకాగ్ సైట్‌లో ఉంటుంది. చిన్న ఊళ్లు కొన్ని కలిసి ఒక్క సభ్యుణ్ణి పంపుతాయి. ఆ సభ్యుడు పక్క ఊరి మేయర్ కావచ్చు. ఆ పేరు రాసిపెట్టుకోండి, తర్వాత చాలాసార్లు అవసరమవుతుంది.

ఏ పని ఎవరి చేతిలో ఉందో కూడా ఇక్కడే తేల్చుకోవాలి. ఫ్రిస్కోలో బస్సు లేకపోవడానికి కారణం ఎవరో మరిచిపోవడం కాదు. టెక్సస్‌లో అమ్మకపు పన్ను మొత్తం 8.25 శాతం దాటకూడదు. అందులో 6.25 రాష్ట్రానికి పోతే మిగిలేది 2 శాతం. 1983లో ఓటర్లు డార్ట్‌ను ఏర్పాటు చేసినప్పుడు, చేరిన ప్రతి నగరమూ ఒక శాతం దానికి ఇవ్వాలని నిర్ణయమైంది. 2025 నాటికి 13 నగరాలు ఇస్తున్నాయి. ఫ్రిస్కో, అలెన్, మెకిన్నీ తమ ఒక శాతాన్ని ఆర్థికాభివృద్ధి కార్పొరేషన్లకు పెట్టుకున్నాయి. కంపెనీలు, పార్కులు వచ్చింది ఆ డబ్బుతోనే. కాబట్టి "మా ఊరికి డార్ట్ తెండి" అని ఆర్‌టీసీకి రాస్తే అది వాళ్ల చేతిలో ఉన్న పని కాదు. "కాలిన్ కౌంటీలో డార్ట్ పరిధికి బయట ఉన్న ఊళ్లను కలిపే బస్సు సర్వీసును ప్రణాళికలో చేర్చండి, దానికి డబ్బు ఎలా వస్తుందో అధ్యయనం చేయించండి" అంటే అది వాళ్ల పనే.

క్యాలెండర్ చూసుకోండి: ముసాయిదా వచ్చేదాకా ఆగొద్దు

ఈ గైడ్‌లో ఒక్కటే గుర్తుపెట్టుకోగలిగితే దీన్ని పెట్టుకోండి. జనం కదిలేది మ్యాపులో తమ ఇంటి పక్కన గీత కనబడినప్పుడు. 380 రోడ్డు బైపాస్ ఎటు పోవాలన్న విషయంలో మెకిన్నీ, ప్రాస్పర్ జనం పెద్దఎత్తున కదిలారు, వాళ్ల బాధలో న్యాయం ఉంది. కానీ అప్పటికి ప్రశ్న "రోడ్డు కావాలా, ఇంకేమైనా కావాలా" అన్నది కాదు. "రోడ్డు ఎవరి ఇంటి పక్కనుంచి" అన్నదే మిగిలింది.

పని నడిచే క్రమం ఇలా ఉంటుంది. దీర్ఘకాల ప్రణాళిక కనీసం 20 ఏళ్ల ముందుకు చూడాలి. మన ప్రాంతంలో గాలిలో ఓజోన్ ఫెడరల్ పరిమితి దాటి ఉంటుంది కాబట్టి దాన్ని కనీసం నాలుగేళ్లకోసారి తిరగరాయాలి. గాలి శుభ్రంగా ఉన్న ప్రాంతాలకు ఐదేళ్లు. 2018లో మొబిలిటీ 2045 వచ్చింది, 2022లో దాన్ని సవరించారు, 2025 జూన్‌లో మొబిలిటీ 2050 ఆమోదం పొందింది. అందులో ఉన్న ఖర్చు 200 బిలియన్ డాలర్లకు పైనే. అది కోరికల చిట్టా కాదు. వస్తుందని లెక్క చూపించగలిగిన డబ్బుకు సరిపడా పనులే అందులో ఉండాలి. దాని కింద టెక్సస్ చట్టం ప్రకారం పదేళ్ల ప్రణాళిక ఉంటుంది. దాని కింద టిప్ అని పిలిచే నాలుగేళ్ల పట్టిక. టిప్‌లోకి వచ్చిందంటే డబ్బు కేటాయించారని అర్థం. దీర్ఘకాల ప్రణాళికకు పొంతన లేని పని టిప్‌లోకి రాదు.

కాలం ఎంత పొడవుగా ఉంటుందో సిల్వర్ లైన్ చూస్తే అర్థమవుతుంది. పాత కాటన్ బెల్ట్ రైలు మార్గాన్ని డార్ట్ 1990లో కొన్నది. ప్లేనో నుంచి డీఎఫ్‌డబ్ల్యూ ఎయిర్‌పోర్టుకు 26 మైళ్ల ఆ దారిలో ప్రయాణికుల రైలు నడిచింది 2025 అక్టోబర్‌లో. మధ్యలో 35 ఏళ్లు. ఈరోజు ఎక్కుతున్నవాళ్ల కోసం అప్పట్లో ఎవరో పట్టుబట్టారు. ఈరోజు ఎలిమెంటరీ స్కూల్లో ఉన్న మన పిల్లల కోసం పట్టుబట్టాల్సింది మనమే.

2025లో ఆమోదించారు కాబట్టి తర్వాతిది 2029 లోపు రావాలి. అంటే ఈ మధ్య ఏళ్లు ఖాళీ కావు. ప్రాజెక్టులను ఏ కొలతలతో ఎంచాలో, ఏ కారిడార్‌ను, అంటే ఏ ప్రధాన మార్గాన్ని అధ్యయనం చేయాలో, సర్వేలో ఏ ప్రశ్నలు అడగాలో తేలేది ఇప్పుడే. ఏ అధ్యయనానికి ఎంత డబ్బు అన్నది యూపీడబ్ల్యూపీ అనే కాగితంలో ఉంటుంది. అది చదవడానికి బోరుగా ఉంటుంది, అయినా చదవండి. అధ్యయనం చేయని పని ప్రణాళికలోకి ఎక్కదు.

ఇదివరకు ఎవరు నష్టపోయారో తెలుసుకోండి

సమన్యాయం అంటే అందరికీ సమానంగా పంచడం కాదు. ఇదివరకు ఎవరికి తక్కువ వచ్చింది, ఎవరు ఎక్కువ పోగొట్టుకున్నారు అని చూసి పంచడం. ఈ ఊళ్లకు మనం ఈమధ్యే వచ్చాం. మనకు ముందున్నవాళ్ల కథ తెలియకుండా మన కోరికలు మాత్రమే చెప్పడం నాకు సరిగ్గా అనిపించదు.

డాలస్‌లో బానిసత్వం నుంచి విముక్తి పొందిన నల్లజాతివారు కట్టుకున్న టెన్త్ స్ట్రీట్ అనే పేట ఉంది. 1950ల్లో ఐ-35ఈ హైవే దాన్ని కోసుకుంటూ పోయింది. డౌన్‌టౌన్‌కు ఉత్తరాన సెంట్రల్ ఎక్స్‌ప్రెస్‌వే కట్టినప్పుడు అక్కడి నల్లజాతివారి శ్మశానంలో కొంత భాగాన్ని రోడ్డు కింద కప్పేశారు. 1990ల్లో అదే రోడ్డును వెడల్పు చేస్తుంటే వెయ్యికి పైగా సమాధులు బయటపడ్డాయి. వాటిని తవ్వి తీసి వేరే చోట పాతిపెట్టాల్సి వచ్చింది. మనం రోజూ 75 అని పిలిచే రోడ్డు అదే. ఆఫీసుకు ఆ దారినే పోతాం.

అప్పట్లో ఆ జనాన్ని ఎవరూ అడగలేదు. ఇప్పుడు అడగాలన్న నిబంధనలు వాళ్లు కోల్పోయినదానిలోంచి, వాళ్ల పోరాటంలోంచి వచ్చాయి. 1964 పౌరహక్కుల చట్టంలోని ఆరో అధ్యాయం, టైటిల్ సిక్స్ అంటారు, ఫెడరల్ డబ్బు తీసుకునే ఎవరూ జాతి, రంగు, పుట్టిన దేశం చూసి వివక్ష చూపకూడదని చెబుతుంది. 1991 నాటి రవాణా చట్టం ఎంపీఓలకు అధికారం పెంచి, జనాన్ని సంప్రదించడానికి బలం ఇచ్చింది. ఇప్పుడున్న ఫెడరల్ నిబంధన, 23 సీఎఫ్‌ఆర్ 450.316, ఇంకా వివరంగా చెబుతుంది. రవాణా అందక వెనుకబడిపోయినవాళ్ల అవసరాలు వెతికి మరీ తెలుసుకోవాలి, అందరికీ వీలైన చోట, వీలైన వేళ మీటింగులు పెట్టాలి, మ్యాపులు బొమ్మలతో వివరించాలి అని.

ఒక జాగ్రత్త. పర్యావరణ న్యాయం గురించి 1994లో వచ్చిన అధ్యక్ష ఉత్తర్వు, ఇంగ్లిష్ సరిగా రానివారికి భాషా సహాయం గురించి 2000లో వచ్చిన ఉత్తర్వు, రెండూ 2025లో రద్దయ్యాయి. పాత గైడ్లలో వాటి పేర్లే కనిపిస్తాయి. మీ ఉత్తరంలో వాటిని కాకుండా టైటిల్ సిక్స్‌ను, పై నిబంధన నంబర్‌ను రాయండి. అవి అలాగే ఉన్నాయి.

కారు లేనివాళ్లతో మాట్లాడండి

ప్రణాళిక వెనకున్న కంప్యూటర్ మోడల్ నాలుగు ప్రశ్నలకు జవాబు వెతుకుతుంది. ఒక్కో పేట నుంచి రోజుకు ఎన్ని ప్రయాణాలు మొదలవుతాయి, అవి ఎక్కడికి పోతాయి, దేనిలో పోతాయి, ఏ దారిన పోతాయి. దానికి ఆధారం జనం చేసిన ప్రయాణాల సర్వేలు. జాగ్రత్తగా చూడండి, చేసిన ప్రయాణాలే. అమ్మ చేతిసంచీ పట్టుకుని కూర్చుని, చేయలేకపోయిన ప్రయాణం ఆ లెక్కలో ఎక్కడా ఉండదు. మోడల్ దృష్టిలో ఆమెకు గుడికి వెళ్లాలన్న కోరికే లేదు. ఆ లోటును పూడ్చగలిగేది మీరు సేకరించే మాటలే. అందుకే ఈ పనికి ఎక్కువ సమయం పెట్టండి.

ఒక ఆదివారం గంటసేపు చాలు. గుడిలో భోజనాల తర్వాత, అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో, పెద్దవాళ్లు సాయంత్రం నడిచే పార్కులో. పది పన్నెండు మంది దొరికితే బాగుంటుంది. "మీకు బస్సు కావాలా?" అని అడగొద్దు. అందరూ కావాలనే అంటారు, దాంతో ఏమీ తెలియదు. ఇలా అడగండి: "పోయిన వారం ఎక్కడికన్నా వెళ్లాలనుకుని వెళ్లలేకపోయారా? ఎక్కడికి? ఏ పూట? చివరికి ఏం చేశారు?" జవాబులు ఉన్నవి ఉన్నట్టు రాసుకోండి. "పంటి డాక్టర్ అపాయింట్‌మెంట్ మూడుసార్లు మార్చుకున్నాం, అబ్బాయికి మీటింగులు" అన్నది ఒక సమాచారం. "సిగ్నల్ దగ్గర రోడ్డు దాటేలోపే లైటు మారిపోతుంది" అన్నది ఇంకొకటి. రెండోదాని కోసం పాతికేళ్లు ఆగక్కర్లేదు, మీ సిటీ ట్రాఫిక్ ఇంజినీరింగ్ విభాగానికి ఆరోజే పంపండి.

హెచ్‌4 మీద ఉండి ఇంకా లైసెన్స్ రాని కోడళ్లను, ముగ్గురు నలుగురు కలిసి ఒక్క కారు వాడుకునే విద్యార్థులను కూడా అడగండి.

మనవాళ్ల దగ్గరే ఆగిపోవద్దు. మీ ఇల్లు శుభ్రం చేయడానికి వచ్చే ఆవిడ, బిర్యానీ రెస్టారెంట్ వంటగదిలో గిన్నెలు కడిగే మనిషి, రాత్రి షిఫ్టుకు గిడ్డంగికి పోయే కుర్రాడు ఎలా వస్తున్నారో ఎప్పుడైనా అడిగామా? వాళ్లలో చాలామందికి మన పెద్దవాళ్ల కన్నా ఇది పెద్ద సమస్య. మన పెద్దవాళ్లు ఆరు నెలలుండి వెళ్లిపోతారు. ఈ పనివాళ్లు రోజూ గంటల తరబడి ఎవరి కారు కోసమో ఎదురుచూస్తారు. స్పానిష్ తెలిసినవాళ్లను తోడు తీసుకెళ్లండి, పేర్లు అడక్కండి, ఫొటోలు తీయకండి. ఊరు, పూట, ప్రయాణం, అంతే రాసుకోండి. వలస కాగితాల గురించి టెన్షన్‌లో ఉన్నవాళ్లు చాలామంది ఉంటారు.

లెక్కలను ప్రశ్నించడం నేర్చుకోండి

భయపడక్కర్లేదు, ఇందులో పెద్ద గణితం లేదు. మూడు ప్రశ్నలు చాలు.

ఒకటి, సగటు ఎవరిది? 12 కౌంటీల సగటు చెబితే దక్షిణ డాలస్‌లో జరిగేది కనబడదు. కారు లేని ఇళ్లకు విడిగా లెక్క చూపించమని అడగండి. ఏ పేటలో కారు లేని ఇళ్లు ఎన్నో సెన్సస్ వాళ్ల అమెరికన్ కమ్యూనిటీ సర్వేలో బి08201 అనే పట్టికలో ఉచితంగా దొరుకుతుంది.

రెండు, దేన్ని కొలుస్తున్నారు? ఇలాంటి ప్రణాళికల్లో ఎక్కువగా వాడే కొలత, కారులో అరగంటలో, బస్సు లేదా రైలులో గంటలో ఎన్ని ఉద్యోగాలకు చేరగలం అన్నది. మంచి కొలతే. కానీ అరవై ఐదేళ్లావిడ ఉద్యోగానికి పోదు. ఆసుపత్రికి, కూరగాయల కొట్టుకు, గుడికి పోతుంది. వాటికీ అదే కొలత పెట్టమని అడగండి. ఉద్యోగాలకే అయినా పొద్దున ఎనిమిదికి మాత్రమే కాదు, రాత్రి పదికి కూడా లెక్క వేయమనండి.

మూడు, దేనితో పోలుస్తున్నారు? ప్రణాళిక అమలైతే ఎలా ఉంటుందో, ఏమీ కట్టకపోతే ఎలా ఉంటుందో పక్కపక్కన పెడతారు. ఏమీ కట్టకపోవడంతో పోలిస్తే ఏదైనా బాగానే కనిపిస్తుంది. అదే డబ్బును ఇంకో రకంగా ఖర్చు పెడితే ఎలా ఉండేదో అడగండి. నా అనుభవంలో నిజమైన చర్చ మొదలయ్యేది ఈ ప్రశ్నతోనే.

అభిప్రాయాన్ని పనికొచ్చేలా రాయండి

నేను మొదటిసారి ఒక నగరం పెట్టిన ఓపెన్‌హౌస్‌లో పేజీ నిండా ట్రాఫిక్ గురించి ఆవేదన రాసిచ్చాను. చివరి నివేదికలో అది "ట్రాఫిక్ మీద ఆందోళన" అనే మాటగా మిగిలింది. అందులో చేయదగ్గ పని ఏదీ నేను చెప్పలేదు.

ఇలా రాసి చూడండి, వివరాలు మీవి పెట్టుకోండి: "నేను ఫ్రిస్కోలో ప్రెస్టన్ రోడ్ పక్కన అపార్ట్‌మెంట్లలో ఉంటాను. మా దగ్గర కారు నడపని 12 మందితో మాట్లాడాను. 9 మంది పోయిన వారంలో డాక్టర్ దగ్గరికో కొట్టుకో వెళ్లాలనుకుని వెళ్లలేకపోయారు. అందరిదీ పగలు పది నుంచి నాలుగు మధ్య అవసరమే. ఇక్కడి నుంచి ప్లేనోలోని పార్కర్ రోడ్ స్టేషన్‌కు పగటిపూట బస్సు ఉండాలి. ప్రణాళికలోని ఫలానా పేజీలో ఈ కారిడార్‌కు రోడ్డు వెడల్పు మాత్రమే ఉంది. బస్సును కూడా చేర్చి, తర్వాతి యూపీడబ్ల్యూపీలో అధ్యయనానికి డబ్బు కేటాయించాలి. ఈ మార్పు చేయకపోతే కారణం రాతపూర్వకంగా చెప్పాలి."

ఎవరు, ఎక్కడ, ఏ పూట, ఏ పేజీ, ఏం మార్చాలి అన్నవి ఉంటే ఒక్క పేరా చాలు. ఒకే నమూనాను రెండువందల మంది పంపడం కన్నా ఇరవై మంది ఎవరి మాటల్లో వాళ్లు రాయడం మేలు.

డబ్బు ఏ సంచీలోంచి వస్తుందో కూడా చెప్పగలిగితే మీ మాటకు బరువు పెరుగుతుంది. టెక్సస్ ఓటర్లు 2014లో, 2015లో ఆమోదించిన హైవే నిధులు టోల్ లేని రోడ్లకే వాడాలి. రైలుకు అవి ఇమ్మంటే కుదరదు. గాలి కాలుష్యం తగ్గించడానికి ఉద్దేశించిన సీమ్యాక్ అనే ఫెడరల్ నిధిని బస్సులకు, సైకిల్ దారులకు వాడొచ్చు. పెద్దవాళ్లు, వికలాంగుల ప్రయాణాలకు సెక్షన్ 5310 అని విడిగా ఒక నిధి ఉంది. మన అమ్మానాన్నల విషయంలో అడగాల్సింది ముఖ్యంగా దీని గురించి.

మీటింగ్‌కు వెళ్లి మాట్లాడండి

ఆర్‌టీసీ నెలలో రెండో గురువారం మధ్యాహ్నం ఆర్లింగ్టన్‌లో కూర్చుంటుంది. తేదీ, అజెండా సైట్‌లో సరిచూసుకోండి. 2019లో వచ్చిన టెక్సస్ చట్టం ప్రకారం అజెండాలో ఉన్న ఏ అంశం మీదైనా, దాన్ని తేల్చకముందే మాట్లాడే హక్కు మీకుంది. మామూలుగా మూడు నిమిషాలు ఇస్తారు. అదే చట్టంలో మనవాళ్లకు తెలియని మంచి మాట ఒకటి ఉంది. సమయానికి పరిమితి పెడితే, అనువాదకుడి సాయంతో మాట్లాడేవాళ్లకు కనీసం రెట్టింపు సమయం ఇవ్వాలి. కాబట్టి మీ నాన్నగారి తరఫున మీరు ఇంగ్లిష్‌లో చెప్పేయకండి. ఆయన్నే తెలుగులో మాట్లాడనివ్వండి, మీరు పక్కన నిలబడి అనువాదం చేయండి. తెలుగు అనువాదకుడు కావాలంటే చాలా రోజుల ముందే ఆఫీసుకు రాసి అడగండి.

మాట్లాడేటప్పుడు ఊరి పేరుతో మొదలుపెట్టండి. ఒక్క మనిషికి ఒక్క రోజు ఎలా గడిచిందో చెప్పండి, తర్వాత మీరు అడిగేది చెప్పి కూర్చోండి. ఆవేశం తప్పేమీ కాదు. కానీ అడిగేది ఏమిటో చెప్పకముందే గంట మోగితే శ్రమంతా పోతుంది. ఇంట్లో ఫోన్లో టైమ్ పెట్టుకుని రెండుసార్లు చదివి చూసుకోండి.

ఒక విషయం మాత్రం గట్టిగా అడగాల్సిందే. ఆర్లింగ్టన్ దాదాపు నాలుగు లక్షల జనాభా ఉన్న నగరం, అక్కడ రూటు ప్రకారం నడిచే సిటీ బస్సు లేదు. యాప్‌లో పిలిస్తే వచ్చే వ్యాన్లున్నాయి. కారు లేనివాళ్లు డాలస్, ఫోర్ట్‌వర్త్ మధ్య నడిచే టీఆర్‌ఈ రైల్లో సెంటర్‌పోర్ట్ స్టేషన్‌లో దిగి, ఆ వ్యాన్ పిలుచుకుని రావాలి, అదీ పనిరోజు మధ్యాహ్నం. కారు లేనివాళ్ల మాట వినాలంటే దీర్ఘకాల ప్రణాళిక మీద పెట్టే మీటింగుల్లో కొన్నయినా సాయంత్రం పూట, స్టేషన్లకు నడిచి వెళ్లగలిగే లైబ్రరీల్లో, గుళ్లలో, చర్చిల్లో పెట్టమని రాయండి. ప్రణాళికలో జనం పాల్గొనే విధానం మీద సంస్థకు ఒక పత్రం ఉంటుంది, దాన్ని మార్చే ముందు కనీసం 45 రోజులు జనం అభిప్రాయం తీసుకోవాలి. ఈ కోరిక చేర్చాల్సింది అక్కడే.

తర్వాత వెంటపడండి

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడ. ప్రణాళిక ముసాయిదా మీద గణనీయంగా అభిప్రాయాలు వస్తే, వాటిని సంగ్రహించి, ఒక్కోదానితో ఏం చేశారో నివేదికగా చివరి పత్రంలో చేర్చాలన్నది ఫెడరల్ నిబంధన. మీ మాట అందులో ఉందో లేదో వెతకండి. తప్పుగా సంగ్రహించి ఉంటే సరిచేయమని రాయండి. చివరి ప్రణాళిక ముసాయిదాకు చాలా తేడాగా ఉంటే మళ్లీ అభిప్రాయాలు తీసుకోవాలి, దాన్ని కూడా గుర్తుచేయండి.

రెండు లక్షల జనాభా దాటిన ప్రాంతాల ఎంపీఓలను నాలుగేళ్లకోసారి ఫెడరల్ హైవే, ట్రాన్సిట్ శాఖలు కలిసి తనిఖీ చేస్తాయి. జనాన్ని సరిగా సంప్రదించారా, టైటిల్ సిక్స్ పాటించారా అని చూస్తాయి. ఆ తనిఖీలో కూడా మనం చెప్పొచ్చు. అందుకే మీరు పంపిన ప్రతి ఉత్తరం తేదీ, వచ్చిన జవాబు, రాని జవాబు ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టుకోండి. ఆరోజు చేతిలో ఉండాల్సింది ఆ నోట్‌బుక్కే.

ఇంట్లో ఎవరికైనా ఓటు వచ్చి ఉంటే సిటీ కౌన్సిల్ ఎన్నికలప్పుడు అభ్యర్థిని ఒక్క ప్రశ్న అడగమనండి: మన అమ్మకపు పన్నులో ఒక శాతం ఎక్కడికి పోతోంది, అందులో కొంతైనా ప్రయాణాలకు పెడతారా? ఈ ఎన్నికల్లో ఓట్లు వేసేవాళ్లు తక్కువ. ఒక్క సబ్‌డివిజన్ కదిలినా తేడా కనబడుతుంది.

అమ్మ తిరిగి వెళ్లేముందు వారం, మేము పార్కులో పెద్దవాళ్ల దగ్గర రాసుకున్న కాగితం చదివి వినిపించాను. అంతా విని, "ఆ మూల ఇంట్లో పని చేసే పిల్లను అడగలేదేం, ఆ పిల్ల రోజూ ఎండలో నిలబడుద్ది" అంది. మర్నాడు వెళ్లి అడిగాం. జాబితాలో పదమూడో మాట ఆ అమ్మాయిది.